గోరువంక విన్న సగం కబురు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక కొండవాగు. వాగు గట్టున ఎండకు ఎర్రబడి, వానకు నల్లబడే ఒక పెద్ద బండ. పొద్దు వాలేసరికి అడవిలో జంతువులన్నీ ఆ బండ దగ్గరికి చేరేవి.

ఎందుకంటారా? కబుర్లు చెప్పుకోడానికర్రా!

"తూర్పున ఇప్పపూత రాలుతోంది, రేపు పొద్దున్నే వెళ్లండి" అని ఎలుగుబంటి చెప్పేది. "పడమటి మడుగులో నీళ్లు తగ్గాయి" అని దుప్పి చెప్పేది. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వినేవాళ్లు. నచ్చకపోతే తల అడ్డంగా ఊపేవాళ్లు. నచ్చితే తోక ఆడించేవాళ్లు. ఎవరి మొహం ఎలా ఉందో అందరికీ కనబడేది. అందుకని పెద్దగా గొడవలు వచ్చేవి కావు. వచ్చినా, పక్కపక్కనే నడుస్తూ ఇళ్లకు వెళ్లాలి కదా, దారిలోనే చల్లారిపోయేవి.

కబుర్లయ్యాక బూరమ్మ కథ చెప్పేది. బూరమ్మ ముసలి కుందేలు. వాగు పక్క పల్లంలో, గడ్డి పొదలో ఉండేది. ఆవిడ కథ మొదలుపెడితే అడవికోడి రెక్కల కింద పిల్లలు తలలు బయటికి పెట్టి వినేవి. ఏనుగు పెద్దమ్మ చెవులు విసరడం కూడా ఆపేసేది. ఆ సాయంత్రాలు అలా ఉండేవి.

ఆ బూరమ్మ దగ్గరే పెరిగింది మువ్వ అనే గోరువంక. ఒకసారి పెద్ద గాలికి గూడు చెదిరి, ఈకలు కూడా రాని పిల్ల కింద పడిపోయింది. బూరమ్మ దాన్ని తన పొట్ట కింద వెచ్చగా దాచుకుంది. రెక్కలొచ్చేదాకా సాకింది. మువ్వ గొంతు తీయన. మనసు మంచిది. కానీ ఒకటే తొందర. ఎదుటివాళ్లు మాట పూర్తి చేసేలోపు తన మాట చెప్పేసేది.

"ఆగవే పిల్లా! వాళ్ల మాట ఇంకా నోట్లోనే ఉంది, నువ్వప్పుడే జవాబు చెబుతున్నావు" అని బూరమ్మ నవ్వేది.

ఇలా ఉండగా, వడ్రంగిపిట్ట పోచయ్య ఒక కొత్త పని చేశాడు. పడిపోయిన చెట్ల దుంగల్ని లోపల తొలిచి బోలుగా చేశాడు. వాటిని ఏనుగుల సాయంతో కొండ మీద నుంచి వాగు దాకా ఇక్కడొకటి, అక్కడొకటి పెట్టాడు. ఒక దుంగ మీద కొడితే పక్క దుంగ దగ్గర వినబడుతుంది. అక్కడివాళ్లు కొడితే ఆ పక్క దుంగకు. ఒక్కో మాటకు ఒక్కో దరువు నేర్పాడు. క్షణాల్లో కబురు అడవంతా పాకేది.

మంచి పనే చేశాడు పోచయ్య. ఎండాకాలంలో చిరుత వచ్చిందని దుంగ మోగితే, లేళ్లన్నీ ముందే తప్పుకున్నాయి. అందరూ పోచయ్యను మెచ్చుకున్నారు.

కానీ రాను రాను ఏమైందంటే, ఎవరి దుంగ దగ్గర వాళ్లు కూర్చోడం మొదలుపెట్టారు. ఎలుగుబంటి ఇప్పపూత తీపిగా ఉందని కొడితే, "ఏం తీపి? నీకు నాలుకే లేదు" అని ముళ్లపంది జగ్గన్న తోకతో టపటపా కొట్టేవాడు. "తీపి కాదన్నవాడికి ముక్కు లేదు" అని కొండముచ్చు తోకలయ్య రెండు చేతులా బాదేవాడు. "మీ ఇద్దరికీ బుద్ధి లేదు" అని అడవికోడి రంగమ్మ ముక్కుతో పొడిచేది. మొహాలు కనబడవు కదా, ఎంత మాటైనా వచ్చేసేది. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా కొట్టేది మాత్రం మన మువ్వే. దాని దరువు కోసం ఎదురుచూసేవాళ్లు కూడా తయారయ్యారు. "ఈ సంగతి మీద మువ్వ ఏమంటుందో!" అనుకునేవాళ్లు. ఆ మాట వింటే మువ్వకు కాళ్లు నేల మీద ఆనేవి కావు.

బండ దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. బూరమ్మ మాత్రం పొద్దువాలగానే వచ్చి కూర్చునేది. ఒకరో ఇద్దరో వస్తే కథ చెప్పేది. ఎవరూ రాకపోతే కాసేపు వాగును చూసి వెళ్లిపోయేది.

"నువ్వూ దుంగ మీద కొట్టు అవ్వా! నీ కథ అడవంతా వింటుంది" అంది మువ్వ ఒకరోజు.

"మొహం చూడకుండా కథ ఎలా చెప్పనే? ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో నాకు వినేవాళ్ల కళ్లే కదా చెప్పేది" అంది బూరమ్మ. "నువ్వొచ్చి కూర్చోరాదూ కాసేపు?"

"రేపు వస్తానవ్వా" అంది మువ్వ. రాలేదు.

వానలు మొదలయ్యే రోజులొచ్చాయి. ఏనుగు పెద్దమ్మ, పోచయ్య, ఇంకొందరు పెద్దలు కూర్చుని దుంగల గురించి ఒక కట్టుబాటు ఆలోచించారు. ఆ కబురు అందరికీ చెప్పి రమ్మని పసుల పోలిగాణ్ణి పంపారు. పోలిగాడంటే తెలుసుగా, కత్తెర తోక నల్లపిట్ట. కొండ మీద కాపలా ఉండి అడవికి హెచ్చరికలు చేసేది అతనే.

పోలిగాడు ఎండలో ఎగిరెగిరి వగరుస్తూ మువ్వ కొమ్మ మీద వాలాడు.

"మువ్వా, పెద్దమ్మ ఒక కట్టుబాటు పెడతానంటోంది. ఇకనుంచి దుంగల మీద ఎవరూ కొట్టకూడని వేళ ఒకటి ఉంటుంది. అది ఎప్పుడంటే... అబ్బ, గొంతు ఎండిపోయింది. ఉండు, వాగులో నీళ్లు తాగొచ్చి మిగతాది చెబుతాను."

పోలిగాడు వాగువైపు ఎగిరాడు.

మువ్వ ఆగి ఉండాల్సింది. వాగు ఎంత దూరమని? కానీ దానికి మనసు నిలవలేదు. 'ఈ కబురు నాకంటే ముందు జగ్గన్నకు చేరితే?' అనుకుంది. రివ్వున దుంగ మీదికి దూకి కొట్టేసింది.

"వినండి! ఏనుగులు మన నోళ్లు కట్టేస్తున్నాయి! దుంగల మీద ఎవరూ కొట్టకూడదట!"

పోలిగాడు నీళ్లు తాగి తలెత్తేసరికే అడవి అడవంతా మోగిపోతోంది.

"చూశారా, నేను ముందే చెప్పాను! ఏనుగుల్ని నమ్మకూడదు!" అని జగ్గన్న.

"కట్టేయడమే మంచిది! ఈ జగ్గన్న మోతకు నాకు నిద్ర లేదు!" అని తోకలయ్య.

"అసలు ఈ దుంగలు తెచ్చిన పోచయ్యది తప్పు! ముక్కు విరగ్గొట్టాలి!" అని రంగమ్మ.

"మిగతా సగం వినండర్రా!" అని పోలిగాడు ఒక్కో చెట్టు దగ్గరికీ వెళ్లి అరిచాడు. ఎవరూ తల తిప్పలేదు. పెద్దమ్మ తొండంతో ఒకటి రెండుసార్లు దుంగ మీద కొట్టి చూసింది. ఆవిడ దరువు ఆ మోతలో కలిసిపోయింది. పోచయ్య చిన్నబోయి తొర్రలోకి వెళ్లి కూర్చున్నాడు.

ఆ గొడవ ఒక్కరోజుతో ఆగలేదు. పొద్దున లేస్తే అదే, పడుకోబోయే ముందు అదే. కట్టుబాటు ఏమిటో ఒక్కరికీ తెలియదు. దాని మీద అందరికీ అభిప్రాయం ఉంది.

అలాంటి ఒక సాయంత్రం, కొండ మీద కుంభవృష్టి కురిసింది. కింద అడవిలో చినుకు లేదు. పోలిగాడు కొండ కొమ్ము నుంచి చూశాడు. ఎర్రటి నీళ్లు చెట్లను పెకలించుకుంటూ వాగులోకి దూకుతున్నాయి. పాత రోజుల్లో అయితే అతను ఇంటింటి మీదా ఎగిరి అరిచేవాడు. ఇప్పుడు దుంగలున్నాయి కదా! పై దుంగ మీద వాలి ఆపద దరువు మొదలుపెట్టాడు. ఆగకుండా, ఒకే తీరున. టక్ టక్ టక్ టక్!

కింద మువ్వ అప్పుడే జగ్గన్నకు ఘాటుగా జవాబిస్తోంది. అంత మోతలోనూ ఆ దరువు లీలగా దాని చెవిన పడింది.

'ఎవరో నా మీదే ఎగిరిపడుతున్నారు! ఎంత పొగరు! ఆపడం లేదు చూడు!' అనుకుంది మువ్వ. రెట్టింపు జోరుగా తిరిగి కొట్టింది. టక్ టక్ టక్ టక్!

పైన పోలిగాడు ఆ జవాబు విన్నాడు. 'హమ్మయ్య, కిందివాళ్లకు అందింది' అనుకుని కొట్టడం ఆపాడు.

కాసేపటికి నేల అదిరింది. అప్పుడు విన్నారు అందరూ. అది దుంగల మోత కాదు, నీళ్ల హోరు. జగ్గన్న కలుగు వదిలి మెట్టకు పరుగెత్తాడు. రంగమ్మ పిల్లల్ని తోలుకుంటూ పరుగెత్తింది. పెద్దమ్మ దారిలో దొరికినవాళ్లను దొరికినట్టు తొండంతో ఎత్తి గట్టు మీద పెట్టింది.

మువ్వ పల్లానికి ఎగిరింది. "అవ్వా! అవ్వా!"

గడ్డి పొద ఉన్నచోట ఎర్రనీళ్లు సుడి తిరుగుతున్నాయి. ముసలి కాళ్లు కదా, బూరమ్మ గట్టెక్కలేకపోయింది.

వరద తగ్గాక అందరూ బండ దగ్గరికి వచ్చారు. ఎవరూ రమ్మనలేదు. ఎన్నాళ్లకో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జగ్గన్న ఇంత చిక్కిపోయాడని తోకలయ్యకు అప్పుడే తెలిసింది. రంగమ్మ పోచయ్య పక్కన కూర్చుంది గానీ తల ఎత్తలేదు. బూరమ్మ కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు.

మువ్వ పెద్దమ్మ ముందుకు వచ్చి వాలింది. "పెద్దమ్మా, ఆ కట్టుబాటులో మిగతా సగం ఏమిటి?"

పెద్దమ్మ నెమ్మదిగా చెప్పింది. "ఎవరికి తోచింది వాళ్లు ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. ఆపద దరువు వినబడిన వేళ మాత్రం మిగతా దుంగలన్నీ ఆగాలి."

"ఇంతేనా?"

"ఇంతే తల్లీ."

మువ్వ ముక్కు రొమ్ములో దాచుకుని ఏడ్చింది. "పోలిగాడి దరువు నాకు వినబడింది. నన్ను తిడుతున్నారనుకున్నాను. నేనూ కొట్టాను. నేను ఊరుకుని ఉంటే అవ్వ బతికేది."

"నేనూ బాదానే ఆ వేళ. నీ ఒక్కదాని మోతేనా అది?" అన్నాడు జగ్గన్న. అతని ముళ్లన్నీ ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి.

"జవాబు వినబడగానే ఆపేశాను నేను. దిగి వచ్చి చూడాల్సింది" అన్నాడు పోలిగాడు.

పెద్దమ్మ తొండంతో మువ్వ వీపు నిమిరింది. "కట్టుబాటు ఇప్పుడు పూర్తిగా విన్నారుగా. ఎవరికైనా అడగాలని ఉంటే అడగండి."

మువ్వ తలెత్తింది. "పెద్దమ్మా, ఆపద లేకపోయినా ఎవరైనా అందరి నోళ్లూ మూయించడానికి ఆ దరువు వేస్తే?"

పెద్దమ్మ చెవులు నిలబెట్టింది. "అది మాకు తోచలేదే! మంచి మాట అడిగావు."

అందరూ కూర్చుని మాట్లాడారు. ఒకరి తర్వాత ఒకరు. జగ్గన్న కాదన్నాడు, తోకలయ్య అవునన్నాడు, ఇద్దరూ చివరిదాకా విన్నారు. ఆపద దరువు వేసినవాళ్లు ఏం చూశారో తర్వాత బండ దగ్గరికి వచ్చి అందరి ముందూ చెప్పాలనీ, వరద లాంటిదైతే పోలిగాడు దరువుతో ఊరుకోక ఎగిరి కూడా చెప్పాలనీ తేల్చుకున్నారు. చీకటి పడింది. ఆ రోజు కథ చెప్పేవాళ్లు లేరు. అయినా ఎవరూ తొందరగా ఇంటికి వెళ్లలేదు.

వానలు వెళ్లాయి. చలికాలం వచ్చింది. ఒకరోజు కొండ అవతలి నుంచి ఒక వింత కబురు వచ్చింది. అక్కడి గిజిగాళ్లు మిణుగురుల వెలుగుతో చీకట్లో కబుర్లు పంపుతున్నాయట.

ఇంకేముంది, దుంగలు మోగాయి. "మువ్వా! మువ్వా! దీని మీద నువ్వేమంటావు? మంచిదా, చెడ్డదా?"

మువ్వ దుంగ మీద వాలింది. అడవంతా చెవులు రిక్కించింది.

"నాకింకా తెలియదు" అని కొట్టింది మువ్వ. "వెళ్లి చూసి వస్తాను."

రెక్కలు విప్పి కొండవైపు ఎగిరిపోయింది. అది తిరిగి వచ్చేదాకా ఆ దుంగల మీద ఒక్క దరువు పడలేదు.

నీతి: కబురు మొత్తం విన్నాకే మాట పుట్టాలి. సగం విని వేసే కేక, వినాల్సిన మాటను ముంచేస్తుంది.