పూత మీద నాగలి

అనగా అనగా, నేలలో కాకిబంగారం, అదే అభ్రకం, దొరికే ఊరొకటి ఉండేది తల్లీ. ఆ ఊళ్ళో పెంచలమ్మ అనే ముసలామె, ఆమె కోడలు చెంగమ్మ ఉండేవాళ్ళు. ఇంట్లో మగదిక్కు లేదు. ఉన్నదల్లా ఒక్క చేను.

గనివాళ్ళు ఆ చేను తవ్వి, కాకిబంగారం పట్టుకుపోయి, రాళ్ళపొడి కుప్పలు పోసి వదిలేశారు. ఎండకు మిలమిలా మెరిసేదంట. గడ్డిపరక మొలిచేది కాదు.

పెంచలమ్మకు ఒకటే కోరిక. "పోయేలోపు మన చేని కొర్రలు ఒక్క ముద్ద తినాలే" అనేది.

"కొట్లోవి తేనా అత్తా?"

"కొట్లోవి నాకెందుకే! వాటికి మన మట్టి వాసనొస్తుందా?"

అప్పుడు చెంగమ్మ కుప్పలు చదును చేసి, చెరువు ఒండ్రు తట్టలతో మోసి పోసింది. మొదటి వానకే సగం గనివాళ్ళు తవ్విన గుంటలోకి కొట్టుకుపోయింది. ఆ తర్వాత మళ్ళీ మోసి, గట్టు వేసి, గొర్రెల మంద పెట్టించింది. పెంటా ఒండ్రూ కలిశాక జనుము చల్లింది.

"పూత రాగానే కలియదున్నెయ్ అమ్మా. ఆ పచ్చి మొక్కే నేలకు తిండి. ముదిరితే మట్టిలో కలవదు" అని గొర్రెలాయన చెప్పి వెళ్ళాడు.

జనుము పూసింది. పన్నెండేళ్ళకు ఆ చేలో పువ్వు! చెంగమ్మ ఎద్దుల్ని తెస్తే పెంచలమ్మ అడ్డంగా కూర్చుంది. "పూత మీదున్నదాన్ని దున్నుతావా? కడుపుతో ఉన్నదాన్ని కొట్టినట్టు కాదూ?"

చెంగమ్మ మనసొప్పక ఎద్దుల్ని మళ్ళించుకుపోయింది.

జనుము ముదిరి కట్టెలయింది. అప్పుడు కొర్రలు వేస్తే జానెడు లేచి, అన్నీ గింజలేని తాలు వెన్నులే.

మరుసటేడు మళ్ళీ జనుము పూసింది. ఈసారి చెంగమ్మ ఆగలేదు. నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని, ఏడుస్తూనే దున్నేసింది. ఆ రోజు నుంచి పెంచలమ్మ కోడలితో మాట్లాడలేదు. మంచినీళ్ళిస్తే గోడవైపు తిరిగేది.

కొర్రలు పండాయి. అప్పటికి పెంచలమ్మకు ముద్ద దిగడం లేదు. చెంగమ్మ జావ కాచి, తల ఒళ్ళో పెట్టుకుని, చెమ్చాతో పోసింది.

"మన చేనివేనా?"

"మనవే అత్తా."

"నేనడ్డం కూర్చోకపోతే, పోయినేడే ముద్ద తినేదాన్ని కదే."

రెండో చెమ్చా లోపలికి పోలేదు తల్లీ. చెంగమ్మ కొంగుతో ఆ మూతి తుడిచి, అలాగే కూర్చుండిపోయింది.

కథేమో కంచి దారి పట్టింది,
కన్నేమో నిద్ర దారి పట్టింది.
స్వామికి దణ్ణం పెట్టి పడుకో.