బొరియల పోలయ్య పెళ్ళి

తంగేడు పొదలు కమ్ముకున్న ఆ గుట్ట కింది అడవిలో ఇంటిపేరు లేని ప్రాణి లేదు. ఎలుగుబంట్లు తేనెపట్టు వారు. వాళ్ళ ముత్తాత ఒకడు పెద్ద పట్టు మొత్తం ఒక్కడే లాగించి, వాచిన మూతితో అడవంతా ఊరేగాడట. అడవిపందులు దుంపల వారు, గుడ్లగూబలు తొర్రల వారు. ఎవరి ఇంటిపేరుకి వాళ్ళు ఒక కథ చెప్పుకుని మీసం మెలేస్తారు. మీసాలు లేనివాళ్ళు ముక్కు ఎగరేస్తారు.

పోలయ్య అనే నక్కకీ ఒక ఇంటిపేరుంది. అది తలుచుకుంటేనే అతనికి ఒళ్ళు మండేది. తోకతెగిన వారు. వాళ్ళ తాత ఒకసారి కోళ్ళగూట్లో దూరి, కుక్క తరిమితే తోక తలుపు సందులో వదిలేసి వచ్చాడు. తోక పోయింది తాతకి, పేరు మిగిలింది మనవలందరికీ. పోలయ్య తోక చూడబోతే గుబురుగా నిగనిగలాడుతూ ఉంటుంది. "ఇంత తోక వెనకాల పెట్టుకుని తోకతెగినవాణ్ణని చెప్పుకోవాలా? నా ఖర్మ కాకపోతే" అని రోజూ వాగు నీళ్ళలో దాన్ని చూసుకుంటూ విసుక్కునేవాడు.

ఆ వాగు దగ్గరే అతనికి సింగారి కనిపించింది. గుట్ట మీద నక్కల పెద్ద, గుట్టల వీరన్న కూతురు. నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, పోలయ్య వైపు ఒక్క చూపు చూసి వెళ్ళిపోయింది. అంతే, పోలయ్యకి ఆ పూట తిండి సయించలేదు. మర్నాడే వీరన్న గుహ ముందు వాలాడు.

వీరన్న కుర్రాణ్ణి ఎగాదిగా చూశాడు. "ఒడ్డూ పొడుగూ బాగానే ఉన్నావు. ఇంటిపేరేమిటి బాబూ?"

ఎదురుగా సింగారి వింటోంది. పోలయ్య నాలుక మీదికి వచ్చిన పేరుని గుటుక్కున మింగేశాడు.

"బొరియల వారమండీ."

"కుందేళ్ళు కదా బొరియల వారు?"

"ఇంటిపేరంటే ఇంటిని బట్టి వచ్చేది కదండీ మామగారూ. మేమూ తరతరాలుగా బొరియలోనే కాపురం. పైగా అడవిలో ఇంత పేరున్న ఇంటిపేరు ఇంకోటి చూపించండి. వాగు ఒడ్డున బొరియల వారే, చిలగడదుంపల చేలో బొరియల వారే. రాయి విసిరితే మావాడికే తగులుతుంది."

ఇంకా సంబంధం ఖాయం కాకుండానే మామగారూ అనేసినందుకు సింగారి కిసుక్కున నవ్వింది. వీరన్న మాత్రం తల ఊపాడు. అతనికి బలగం అంటే మోజు. "సరే. మీ ఇంటి పెద్దని తీసుకురా, తాంబూలాలు పుచ్చుకుందాం."

ఇంటి పెద్దని ఎక్కణ్ణుంచి తేవాలి? పోలయ్య తిన్నగా చిలగడదుంపల చేను గట్టుకి పరిగెత్తాడు. అక్కడ ముసలి కుందేలు బొరియల అచ్చమ్మ ఎండలో కూర్చుని చెవులు దువ్వుకుంటోంది. నక్కని చూడగానే పిల్లలన్నీ బొరియల్లోకి దూకాయి. అచ్చమ్మ కదల్లేదు, కాకపోతే కాలొకటి బొరియలో పెట్టుకుంది.

"అవ్వా, భయపడకు. మీ ఇంటిపేరు కావాలి నాకు."

"ఇంటిపేరా? నిన్నటిదాకా మా ఇంటివాళ్ళు కావాల్సి వచ్చేది."

పోలయ్య సిగ్గుపడుతూ సంగతంతా చెప్పాడు. అచ్చమ్మ విని, చాలాసేపు పచ్చిగడ్డి నమిలింది.

"ఇస్తాను నాయనా. అయితే ఇంటిపేరు పెట్టుకున్నాక మంచికీ చెడ్డకీ నువ్వు మావాడివే. మా ఆచారమే నీ ఆచారం. ఒప్పుకుంటావా?"

"ఆచారాలదేముందవ్వా, అన్నీ చేస్తాను" అన్నాడు పోలయ్య. పెళ్ళయ్యాక ఎవడు చూడొచ్చాడులే అని లోపల అనుకున్నాడు.

తాంబూలాలకి అచ్చమ్మ తన సంతానాన్నంతా వెంటేసుకుని వెళ్ళింది. గుట్ట మీద అడుగు పెట్టే చోటు లేకుండా చెవులే చెవులు. వీరన్న పొంగిపోయాడు. "బలగమంటే ఇదీ" అని అందరికీ చూపించాడు. తాబేలు పంతులు మెల్లగా వచ్చి, మెల్లగా కూర్చుని, అంతకన్నా మెల్లగా వేళ్ళు మడిచి పున్నమినాటికి ముహూర్తం పెట్టాడు.

పున్నమి వచ్చింది. పోలయ్య ఒంటికి పసుపు రాశారు, నుదుట బాసికం కట్టారు. సింగారి తంగేడు పూలు తురుముకుని వచ్చి పక్కన కూర్చుంది. పంతులు గొంతు సవరించుకునేంతలో ఒక కుందేలు ఎగురుకుంటూ వచ్చింది.

"పోలయ్య బాబాయీ, శుభవార్త. మా వదిన కనింది. ఒకేసారి గంపెడు పిల్లలు."

"సంతోషం, సంతోషం. కానివ్వండి పంతులుగారూ" అన్నాడు పోలయ్య.

పంతులు తల డిప్పలోకి లాక్కున్నాడు. "ఎలా కానిస్తాను? ఒకే ఇంటిపేరు వాళ్ళలో ఎవరింట బిడ్డ పుట్టినా అందరికీ పురుడే. పది రోజులు శుభకార్యం పనికిరాదు."

"అవునవును. పైగా మా ఇంట పురుడంటే మాంసం ముట్టకూడదు" అని అచ్చమ్మ అందించింది.

"నేను నక్కనవ్వా" అన్నాడు పోలయ్య దీనంగా.

"ఎవరు కాదన్నారు? బొరియల నక్కవి."

పది రోజులే కదా అని పోలయ్య ఓర్చుకున్నాడు. ముల్లంగి తిన్నాడు, తవుడు తిన్నాడు, చిలగడదుంప తింటూ కోడి అనుకుని కళ్ళు మూసుకున్నాడు. తీరా పురుడు తీరే రోజు పొద్దున్నే గట్టు అవతలి కోడలు ప్రసవించింది. ఆ పురుడు సగంలో ఉండగా వాగు ఒడ్డున మేనకోడలికి నొప్పులొచ్చాయి. పోలయ్య చెవులు నిక్కబొడుచుకుని వెంటనే లేచి కూర్చున్నాడు. మేనకోడలిది వేరే ఇంటిపేరని తెలిసి కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి వదిలేలోపు సొంత వరసలోనే ఇంకో ఇద్దరు కన్నారు.

చివరికి అచ్చమ్మ కాళ్ళ మీద పడ్డాడు. "అవ్వా, మీవాళ్ళని కొన్నాళ్ళు ఆగమని చెప్పవా?"

"ఏమని ఆపమంటావు నాయనా? లోపలున్నవాళ్ళంతా నీ పెళ్ళి చూద్దామనే తొందరపడి వచ్చేస్తున్నారు."

పున్నములు గడిచిపోయాయి. పోలయ్య డొక్కలు లోపలికి పోయాయి, నిగనిగలాడే తోక ఎండిన చీపురైంది. వీరన్నకి విసుగొచ్చి, పాత పురుడు తీరే రోజు చూసి, ఇదే ఆఖరి ముహూర్తమని తేల్చి చెప్పాడు. ఆ రోజు అడవంతా మళ్ళీ గుట్ట మీద చేరింది. పోలయ్య పీటల మీద కూర్చున్నాడన్న మాటే గాని, కళ్ళు రెండూ కింది దారి మీదే ఉన్నాయి. పంతులు మంత్రం అందుకున్నాడు. సింగారి మెడ వంచింది. సరిగ్గా అప్పుడే దారిలో రెండు పొడుగు చెవులు కనిపించాయి.

పోలయ్య చటుక్కున లేచాడు. ఆ కుందేలు నోరు తెరవకముందే అరిచేశాడు. "ఎవరు కంటే నాకేమిటి? నేను బొరియలవాణ్ణి కాను. నాకు పురుడు లేదు, పుణ్యం లేదు. మాది తోకతెగిన వారి వంశం. మా తాత కోళ్ళగూట్లో తోక పోగొట్టుకున్నాడు. చాలా?"

ముందు ఎలుగుబంటి ఫక్కున నవ్వింది, ఆ వెనక అడవంతా నవ్వింది. కోతులు కొమ్మల మీంచి జారిపడ్డాయి. సింగారి కూడా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఆమె నవ్వు చూసి పోలయ్యకి ప్రాణం లేచొచ్చింది.

"మరి కూర్చుందామా?" అన్నాడు ఆశగా.

సింగారి కళ్ళు తుడుచుకుంది. "మొదటి రోజే ఈ మాట చెప్పి ఉంటే ఇలాగే నవ్వేదాన్ని పోలయ్యా. నవ్వి చేసుకునేదాన్ని. నువ్వు నా మీద మోజుతో మీ తాతని వదిలేశావు. ఇవాళ పీట మీద తొందరపడి, నిన్ను ఆదుకున్న అవ్వనీ వదిలేశావు. రేపు నా వంతు రాదని ఏమిటి నమ్మకం?"

పూలు తీసి పీట మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. వీరన్న కూతురి వెనకే వెళ్ళాడు.

పోలయ్యకి దుఃఖం, ఆకలి, కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి. "అంతా నీవల్లే ముసలిదానా" అంటూ అచ్చమ్మ మీదికి ఉరికాడు. ఉరికానని అతను అనుకున్నాడు గాని, కాళ్ళు అక్కడే మడతపడ్డాయి. దుంపలు తిన్న ఒంట్లో పరుగెక్కణ్ణుంచి వస్తుంది?

అచ్చమ్మ తీరిగ్గా పిల్లల్ని పోగేసుకుంది. "పురుడు లేని నెల మా ఇంట నేను పుట్టాక చూడలేదు నాయనా. ఆ సంగతి నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. నువ్వు మావాడివై ఉన్నన్నాళ్ళూ నా పిల్లల్లో ఒక్కటీ తగ్గలేదు. నీ పెళ్ళి చెడినందుకు నిజంగానే బాధగా ఉంది. ఇంకో క్షణం ఓపిక పట్టి ఉంటే ఏమయ్యేదో గాని, ఇప్పుడు పరాయివాడివి. పదండర్రా, ఇంటికి."

ఇందాక దారిలో కనిపించిన కుందేలు ఇంకా అక్కడే నిలబడి ఉంది. దాని చేతిలో చిన్న పూలదండ.

"నేను పురుడు చెప్పడానికి రాలేదు బాబాయీ" అంది మెల్లగా. "ఇవాళ ఎవరూ కనలేదు. నీ పెళ్ళి చూద్దామని వచ్చాను."

పెద్ద ఇంటిపేరు అరువు తెచ్చుకున్నవాడికి పేరు ఒక్కటే రాదు, ఆ ఇంటి పురుళ్ళన్నీ వెంట వస్తాయి.