మక్కికి మక్కి నకలు

బుగతపాలెంలో దాలినాయుడి ఇంటిని మించిన తెలివైన ఇల్లు లేదు. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, దాలినాయుడే రోజుకు రెండుసార్లు అనేవాడు. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమే తెలివని ఆయన సిద్ధాంతం. భార్య పారమ్మ అవునంది. అమ్మ అవునంది కాబట్టి కొడుకు అప్పలసూరి కూడా అవునన్నాడు.

ఇంత తెలివిని దున్నపోతుల వెనక పాడుచెయ్యడమెందుకని, సూరిని పట్నంలో జోగారావు ప్లీడరు దగ్గర గుమాస్తా పని నేర్చుకోవడానికి పెట్టారు. నెల్లాళ్ళు తర్ఫీదు. పని వస్తే ఉంచుకుంటాడు, రాకపోతే మళ్ళీ దున్నపోతులే. వాటితో వేగడం సూరివల్ల కాదు. అవి చెప్పిన మాట వినవు.

మొదటిరోజే ప్లీడరు ఒక నోటీసు ఇచ్చాడు. సన్నెమ్మ అనే ఆవిడ ఉంటున్న ఇల్లు తనదని ఆవిడ మరిది చిట్టినాయుడు దావా వేస్తానంటున్నాడు, ఇది ఆవిడ తరఫు నోటీసు, అతని చేతిలోనే పెట్టాలి, మరెక్కడా పెట్టకూడదు అన్నాడు. సూరి వెళ్ళేసరికి చిట్టినాయుడు భోజనం చేస్తున్నాడు. ఎడమచేతిలో మంచినీళ్ళ చెంబు, కుడిచేతిలో పప్పన్నం ముద్ద. అంతే, సూరి నోటీసును ముద్దలో గుచ్చి, అతని వేళ్ళు గట్టిగా మూసి వచ్చేశాడు.

మర్నాడు ప్లీడరు కోర్టుకు వెళుతూ, పేరూ ఊరూ పనీ రాసుకోనిదే ఎవరినీ గడప దాటనివ్వొద్దన్నాడు. ఇంకేముంది, మధ్యాహ్నం ఆయన తిరిగొస్తే ఆయన్నే ఆపేశాడు. ఎండలో నిలబెట్టి పేరడిగాడు, ఊరడిగాడు. పని అన్నచోట 'తన కుర్చీలో తను కూర్చోవడం' అని రాసుకున్నాకే పక్కకి జరిగాడు. ప్లీడరు పళ్ళు నూరాడు కానీ, కొత్తలో ఎవరికైనా అంతేలే అని సరిపెట్టుకున్నాడు.

మూడోవారంలో సన్నెమ్మ తన ఇంటి పంపకాల దస్తావేజు తెచ్చి ఇచ్చింది. ఆ ఇంటికి ఆవిడ దగ్గరున్న కాగితం అదొక్కటే. నడుమ కాఫీ మరక, ఓ మూల ఎలుక కొరికిన బొక్క. ప్లీడరు దాన్ని సూరికిచ్చి, ఆదివారం ఇంట్లో కూర్చుని నకలు తియ్యమన్నాడు.

"మక్కికి మక్కి దించాలి. అసలుకీ నకలుకీ చుక్క తేడా వచ్చిందంటే నీకిక్కడ చోటు లేదు."

సూరి పొద్దున్న కూర్చుని భోజనాలవేళకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాశాడు. పక్కపక్కన పెట్టి చూస్తే నకలుకి మరక లేదు. పారమ్మ అప్పటికప్పుడు కాఫీ కాచి, కొలిచినట్టు ఒలకబోసింది. ఇక మిగిలింది బొక్క. సూరి కత్తెర తీస్తే దాలినాయుడు చెయ్యి పట్టుకున్నాడు. కత్తెర కోతకీ ఎలుక కొరుకుడికీ తేడా కోర్టువారు కనిపెట్టరా అన్నాడు. అంతే, గాదె కిందినుంచి ఎలుకని బోనులో పట్టారు. నకలు మూల బెల్లం రాసి బోనులో దూర్చారు.

ఎలుకకి బెల్లం నచ్చింది. రూపాయి బిళ్ళంత కొరకవలసింది అప్పడమంత కొరికింది. ఇంకేముంది, తేడా వచ్చేసింది. నకలును పెంచలేరు కదా, అందుకని అసలుకి బెల్లం రాశారు. ఎలుక ఈసారి ఇంకాస్త ఎక్కువ కొరికింది. మళ్ళీ నకలుకి రాశారు. మళ్ళీ అసలుకి. ఎలుక పొట్ట నిండేసరికి అసలు నాలుగు వేళ్ళు, నకలు నాలుగు వేళ్ళు మిగిలాయి. వెంట్రుకవాసి తేడా లేదు. పారమ్మ కొడుక్కి దిష్టి తీసింది.

సోమవారం సూరి ఆ రెండు ముక్కలూ బల్లమీద పెట్టాడు. తన కాగితం కోసం వచ్చిన సన్నెమ్మ నేలమీద కూలబడింది.

"మా ఆయన ఇటికా ఇటికా మోసి కట్టిన ఇల్లు బాబూ. ఇంక నానెక్కడుండాల?"

ఆవిడ ఏడుపు చూసి సూరికి నిజంగానే జాలేసింది. దగ్గర కూర్చుని, "ఏడవకు పిన్నీ, రెండూ నువ్వే అట్టుకెల్లు" అన్నాడు.

ప్లీడరు ఆ పూట కోర్టు మానుకుని రిజిస్ట్రారు ఆఫీసుకి తానే పరుగెత్తాడు. అదృష్టం బాగుంది, అక్కడి పుస్తకంలో ఆ దస్తావేజు భద్రంగా ఉంది. సాయంత్రానికి ముద్ర వేసిన నకలు తెచ్చి, మర్నాడు వచ్చి చూసుకోమని సన్నెమ్మకి కబురుపెట్టాడు. సూరితో మాత్రం, తర్ఫీదు చాల్లేదు, ఇంటికి పొమ్మన్నాడు.

ఇంట్లో ముగ్గురూ కూర్చుని ఆలోచించారు. రాతలో తప్పు లేదు. మరకలో తప్పు లేదు. తప్పంతా ఎక్కడ జరిగిందో దాలినాయుడికి తేలిపోయింది.

మంగళవారం పొద్దున్నే ముగ్గురూ ప్లీడరు గదిలోకి వచ్చారు. నాలుగు గోడలకీ నేలనుంచి కప్పుదాకా దావా కాగితాల కట్టలే. సన్నెమ్మ నకలు బల్లమీద ఉంది, ఆవిడ ఎదురుగా ఉంది. దాలినాయుడు చంకలోని బోను కిందికి దించాడు.

"తర్ఫీదు సాలనిది మావోడికి కాదు బాబూ, దీనికి. ఓ నెల్లాళ్ళు మీకాడెట్టుకోండి" అని తలుపు ఎత్తేశాడు.

ఎలుక గోడవారగా ఉరికి కట్టల్లో దూరింది. సన్నెమ్మ బల్లమీది కాగితాన్ని లాక్కుని రొంటిన దోపుకుని, వెనక్కి చూడకుండా వీధిలోకి పరుగెత్తింది. ప్లీడరు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. పైఅరలోంచి కరకరమని చప్పుడు మొదలైంది.

దాలినాయుడు చెవి ఒగ్గి విని, తృప్తిగా తల ఊపాడు.

"సూసారా, అప్పుడే పన్లోకి దిగిపోనాది."