తుకద్‌సరి ఎలుకయ్యగారి గుడి

బాలి ద్వీపంలో, ఉత్తరపు కొండల వాలులో తుకద్‌సరి అనే చిన్న పల్లె ఉంది. పట్నంలో ఎక్కిన చిన్న బస్సు రెండు గంటలు మెలికలు తిరిగి ఒక వెదురు వంతెన దగ్గర దింపేస్తుంది. అక్కడి నుంచి మెట్లు మెట్లుగా దిగిన వరిమళ్ళ గట్ల మీద అరకోసు నడవాలి. గట్టు జానెడు వెడల్పు. చెప్పులు చేత పట్టుకున్నవారు సుఖంగా చేరతారు. పట్టుకోనివారు మడిలో కాలు దిగేసి, బురద కడుక్కుని చేరతారు. గుడికి గోపురం లేదు. నల్లరాతి అరుగు, దాని మీద నల్లని పీచుతో కప్పిన చిన్న మండపం, అంతే.

లోపలి మూలమూర్తిని చూసి ఉలిక్కిపడని యాత్రికుడు ఇంతవరకూ లేడు. తలకు రాజుల పాగా, నడుముకు పట్టుబట్ట, చేతిలో వరికంకి. రెండు కాళ్ళ మీద ఠీవిగా నిలబడి ఉన్నది ఎలుక. వాహనం ఇక్కడుందంటే వినాయకుడు ఎక్కడో ఉండాలి కదా అని మండపం చుట్టూ తిరిగి వెదికేవారూ ఉంటారు. వినాయకుడు లేడు. ఎలుకే స్వామి. ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న నరుడి విగ్రహం ఒకటి ఉంది. గుండు, పిలక, చెవులకు పోగులు. ఆ నరుడు మనవాడే. భీమునిపట్నం వాడు.

పూర్వం ఇక్కడ గుడీ లేదు, స్వామీ లేడు. ఓడలు గాలిని నమ్ముకుని నడిచే రోజుల్లో గవరయ్య శెట్టి అనే వర్తకుడు అద్దకం బట్టల మూటలతో భీమిలి నుంచి ఈ ద్వీపానికి వస్తూ పోతూ ఉండేవాడు. మంచి మాటకారి. రేవుల్లో పలికే మలయా భాష అతనికి కొట్టినపిండి. ఒక ఏడాది, ఇంకా నాలుగు మూటలు మిగిలాయి, అవి కూడా అమ్ముకుని పోదామని, ఇంటికి మళ్ళవలసిన గాలికి మళ్ళకుండా రేవులోనే ఆగిపోయాడు. ఆ ఏడాదే భీమిలిలో అతని తండ్రి పోలయ్య మంచం పట్టాడు. కొడుకు వస్తాడని గుమ్మం వైపు చూస్తూ చూస్తూ కన్నుమూశాడు. పినతండ్రి కొడుకు తలకొరివి పెట్టాడు.

ఆరు నెలల తరువాత వచ్చిన ఓడవాళ్ళు చెబితే గవరయ్యకు తెలిసింది. నిలబడ్డవాడు నిలబడ్డట్టే బట్టల మూట మీద కూలబడ్డాడు. ఏడుపు కూడా రాలేదు. వచ్చే గాలికి వెళ్తానన్నాడు. ఆ గాలి వచ్చింది, వెళ్ళింది. ఒక్కగానొక్క కొడుకై ఉండి తండ్రికి నిప్పు పెట్టనివాడు ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం తొక్కుతాడు? అలా ఐదేళ్ళ గాలులు వచ్చి వెళ్ళిపోయాయి. చివరకు ఓడలో తన వాటా అమ్మేసి, తుకద్‌సరిలో వారసులు లేని ఒక ఇంటివారి దగ్గర పన్నెండు మళ్ళు కొన్నాడు. ఉన్నదంతా ఆ మట్టిలో పోశాడు. ఈ ఊరు పొమ్మంటే ఇక అతనికి భూమి మీద ఇంకో చోటు లేదు.

మొదటి పంట బాగా పండింది. కోతలు అయ్యాక గవరయ్య చూసినది అతన్ని నివ్వెరపరిచింది. ఊరు ఊరంతా ఒక్కరోజున కాలువ కట్టేసింది. బంగారం లాంటి మళ్ళన్నీ నాలుగు నెలలు బీడు పెట్టేసి, జనం వెదురు తట్టలు అల్లుకుంటూ, కోడిపందేలు ఆడుకుంటూ కూర్చున్నారు. ఇంత సోమరి జనాన్ని తాను ఏ రేవులోనూ చూడలేదనుకున్నాడు. అతని మళ్ళకు పైన సొంత ఊట ఒకటి ఉంది, కాలువతో పనిలేదు. కిందటి గాలికి భీమిలి ఓడవాళ్ళు తెచ్చిచ్చిన మూడు నెలల వడ్లూ ఉన్నాయి. అందరూ రెండు పంటలు తీసేలోగా తాను మూడు తీస్తాడు. ఇక ఆలోచించడానికి ఏముంది? నారు పోసేశాడు.

కాలువ నీళ్ళు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు కట్టాలో చెప్పే ఊరిపెద్దను ఇక్కడ పెకసే అంటారు. అప్పటి పెకసే వయన్ రుగెగ్ అనే బోసినోటి ముసలాయన. ఆయన కర్ర పొడుచుకుంటూ వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"శెట్టీ, నారు తీసెయ్యి," అన్నాడు నెమ్మదిగా. "మేమంతా ఒకేసారి ఎండగట్టేది సరదాకి కాదు. అయ్యగారికి ఇక్కడ తిండి దొరకకూడదు. దొరక్కపోతే ఆయనే కొండ దాటి అడవికి వెళ్ళిపోతాడు."

"ఏ అయ్యగారు?"

ముసలాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. ఈ ఊళ్ళో ఎలుకను ఎలుక అనరు. వింటే నొచ్చుకుంటుందట. జీరో కెతుత్ అంటారు, అంటే మనం చిన్నయ్యగారు అన్నంత మర్యాద. ఈ మాట విని గవరయ్య పొట్ట చేత పట్టుకుని నవ్వాడు.

"ఎలక్కి అయ్యగారూ బాబుగారూనా పెద్దాయనా! మా ఊళ్ళో అయితే బోను పెడతాం."

వయన్ రుగెగ్ కర్ర తీసుకుని లేచి వెళ్ళిపోయాడు.

మూడో నెలలో చేను పాలు పోసుకుంది. చుట్టూ కొండలన్నీ ఎండి గోధుమరంగు తిరిగి ఉంటే, మధ్యలో గవరయ్య పన్నెండు మళ్ళు పచ్చగా నవ్వుతున్నాయి. ఒక తెల్లవారుజామున అతను గట్టు ఎక్కి చూసి అడుగు ముందుకు వెయ్యలేకపోయాడు. గాలి లేదు. చేను మాత్రం ఊగుతోంది. దగ్గరకు వెళ్తే తెలిసింది, నేలే కదులుతోందని. చుట్టుపట్ల ఎనిమిది కొండల ఎలుకలకు తిండి ఉన్న చోటు అదొక్కటే. అన్నీ అక్కడికే వచ్చి కూర్చున్నాయి. మనిషిని చూసి పారిపోనుకూడా లేదు. ఒకటి తల ఎత్తి అతని మొహంలోకి చూసి మళ్ళీ కంకి నమలసాగింది.

"ఓలమ్మో! ఇదేటిది నాయనోయ్!" అని అరిచాడు. ఆ అరుపు విని ఒక్కటి కూడా కదలలేదు.

మూడు రోజుల్లో చేలో దుబ్బులే మిగిలాయి. అసలు దెబ్బ అప్పటికి ఇంకా తగలనే లేదు. అతని పైరు తిని బలిసిన ఎలుకలు అతని గట్లలోనే పిల్లల్ని పెట్టాయి. నెల తిరిగేసరికి ఆ పిల్లలు ఎదిగి, చేలో ఏమీ లేక, ఊళ్ళోకి నడిచాయి. కర్రకాళ్ళ మీద నిలబెట్టిన ధాన్యపు కొట్లు ఎక్కి, ఊరందరి విత్తనపు వడ్లూ తినేశాయి. పొరుగున ఉన్న న్యోమన్ రెనెంగ్ అనే వితంతువు తన కొట్టు తలుపు తీసేసరికి లోపల ఊక తప్ప మరేమీ లేదు. ఆమె ఆ ఊకను దోసిట్లోకి తీసుకుని, జల్లెడ పట్టినట్టు వేళ్ళ సందుల్లోంచి వదులుతూ చాలాసేపు వెదికింది. ఒక్క గింజ లేదు. గవరయ్య తన ఇంటి కంతలోంచి అదంతా చూశాడు.

తిడతారని ఎదురుచూశాడు. కొడతారని ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. మూడో రోజు రెనెంగ్ వచ్చింది. చేతిలో అరిటాకులో ఉడికించిన చిలగడదుంపలు.

"మీరు మూడు రోజులై పొయ్యి వెలిగించలేదు. తినండి," అని అరుగు మీద పెట్టి వెళ్ళింది.

తిట్టినా బాగుండేది. మూటాముల్లె సర్దుకున్నాడు గాని, ఎక్కడికి వెళ్ళాలో తోచక మూట పక్కనే కూర్చున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం పెకసే, వెనక ఊళ్ళో మగవాళ్ళందరూ అతని వాకిట్లోకి వచ్చారు. "శెట్టీ, నీ దగ్గర తెల్లబట్ట ఉందా? కొత్తది, ఉతకనిది," అన్నాడు వయన్ రుగెగ్.

గవరయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి. కప్పడానికి తెల్లబట్ట అడుగుతున్నారంటే అది తనకే. భీమిలి బట్ట తాను ఒకటి తెచ్చి ఇచ్చాడు. "నాకు ఎంత కావాలో అంతే చింపండి," అన్నాడు.

ముసలాయన తెల్లబోయి, తరువాత బోసినోరంతా తెరిచి నవ్వాడు. "నీకు కాదయ్యా! చిన్నయ్యగార్లకి."

పొగపెట్టి పట్టి చంపిన ఎలుకలు ఊరి బయట గుట్టగా ఉన్నాయి. వాటిని గోతిలో పారెయ్యరట. వాటి ఆత్మ తిరిగి ఎలుకగా పుట్టి ఇక్కడికే రాకుండా ఉండాలంటే, రాజులకు చేసినట్టు దహనం చెయ్యాలట. గవరయ్య వెళ్ళి చూశాడు. ఊరందరి నోటి దగ్గరి కూడు తినేసినవాటికి ఆడవాళ్ళు పసుపునీళ్ళతో స్నానం చేయించి, తెల్లబట్టలో చుడుతున్నారు. రెనెంగ్ కూడా ఒక ఎలుకను ఒళ్ళో పెట్టుకుని చుడుతోంది. మగవాళ్ళు వెదురుతో అంతస్తుల విమానం కట్టి బంగారు కాగితం అంటిస్తున్నారు. గంటలు మోగుతున్నాయి. ఇది కలా నిజమా అని అతను తన చెయ్యి తానే గిల్లుకున్నాడు.

అప్పుడు ఆ కర్మ చేయించే ఊరి పూజారి అతని చేతికి కాగడా ఇచ్చాడు.

"నాకెందుకు?" అన్నాడు గవరయ్య వెనక్కి తగ్గుతూ.

"మా ఊళ్ళో చివరి ముద్ద పెట్టినవాడే నిప్పు పెట్టాలి. నీ చేను తిని పెరిగినవాళ్ళు. నువ్వే కర్తవి," అన్నాడు పూజారి.

గవరయ్య కాగడా వైపు చూశాడు. జన్మలో ఒక్కసారి పట్టవలసిన నిప్పు అది. కన్నతండ్రికి పట్టనిది. నాలుగు బట్టల మూటల కోసం వదిలేసుకున్నది. ఏడు సముద్రాల అవతల, ఎలుకల కోసం, ఇన్నేళ్ళకు తన చేతిలోకి వచ్చింది. అతను మంగలి కత్తి అడిగి తీసుకుని, అక్కడే కాలువ ఒడ్డున గుండు చేసుకున్నాడు. తడిబట్టతో వచ్చి విమానం చుట్టూ తిరిగాడు.

"పోయినవారి పేరు చెప్పు," అన్నాడు పూజారి.

ఎలుకలకు పేర్లేమిటి? ఊరంతా చూస్తోంది. గవరయ్య నోరు తెరిచేసరికి వచ్చిన పేరు ఒకటే.

"పోలయ్య," అన్నాడు. "మా నాయన. పోలయ్య శెట్టి." ఆ తరువాత తెలుగు రాని ఆ జనం మధ్య తెలుగులో బావురుమన్నాడు. "నాయనా, నానొచ్చాను. ఆలీసమైపోనాది నాయనా!"

నిప్పు పెట్టాడు. మంట లేచింది. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ సమయంలో, మిగిలిన ఎలుకలు బొరియల్లోంచి బయటకు వచ్చి, పట్టపగలు, అందరూ చూస్తుండగా ఒకదాని వెనక ఒకటిగా కొండ దాటి వెళ్ళిపోయాయని ఇక్కడివారు చెబుతారు. మూడు గడియలు పట్టిందట. నమ్మేవారు నమ్మవచ్చు. స్థల పురాణం అంటే స్వామి ఎవరి కలలోనైనా కనబడి గుడి కట్టమనాలి. ఇక్కడ ఎవరికీ కల రాలేదు. ఆ వారం ఊళ్ళో ఎవరికీ నిద్రే పట్టలేదు.

మూడో రోజున అస్థికలు సముద్రంలో కలిపి వచ్చాక గవరయ్య తన మూట భుజాన వేసుకుని పెకసే ఇంటికి వెళ్ళాడు. దూలానికి వేలాడదీసిన రాగిబిందెలో ఎలుకలకు అందని భీమిలి విత్తనాలు కాస్త మిగిలి ఉన్నాయి. బిందె ముసలాయన ముందు పెట్టి, "ఇంటికో గుప్పెడు పంచండి. మళ్ళు కూడా ఊరివే. నేను వెళ్తున్నాను," అన్నాడు.

"ఎక్కడికి?"

గవరయ్య మూటను రెండో భుజానికి మార్చుకున్నాడు.

"నువ్వు మళ్ళు కొన్నప్పుడు మాకు పరాయివాడివే," అన్నాడు వయన్ రుగెగ్ బిందెలో చెయ్యి పెట్టి గింజలు చూస్తూ. "ఈ నేల మీద పోయినవాళ్ళకి కర్మ చేశావు. చేసినవాడు ఇంటివాడే. ఇంటివాడు మూట కట్టుకుని పోవడం నేనెక్కడా వినలేదు. ఆ మూట దింపి, రేపు కాలువ పూడిక తీయడానికి రా."

గవరయ్య మూట దానంతట అదే భుజం మీంచి జారింది.

ఆ గుప్పెడు గుప్పెడు గింజలతోనే ఊరు మళ్ళీ మొలిచింది. గవరయ్య ముసలివాడై పోయినప్పుడు, అతనికీ విమానం కట్టారు. నిప్పు ఎవరు పెట్టాలనే ప్రశ్న వచ్చింది. ప్రతి ఇంటి నుంచి ఒక గడ్డిపరక వచ్చింది. వాటన్నిటినీ ఒక్క కట్టగా కట్టి రెనెంగ్ మనవడు ముట్టించాడు. ఎలుకయ్యగారినీ, గవరయ్యనూ రాతిలో చెక్కించి ఈ మండపంలో నిలిపింది ఆ తరంవారే.

ఇప్పటికీ తుకద్‌సరిలో పొలం కొన్నవారు, ఎక్కడి నుంచి వచ్చినవారైనా సరే, మొదటి పంట వెయ్యకముందు ఊరితోపాటు ఒక బీడు కాలం ఊరికే కూర్చోవాలి. తొందరపడేవారికి గుడి చూపిస్తారు. స్వామికి కొబ్బరికాయ కొట్టరు. వేకువజాము నుంచి మధ్యాహ్నం దాకా దర్శనం. ఆకుదొన్నెలో గుప్పెడు బియ్యం పెట్టి అరుగు మీద ఉంచితే చాలు. పంటలకు తెగులు సోకదని, ఇల్లు విడిచి వచ్చినవారికి కొత్తచోట కాళ్ళు ఊనుకుంటాయని ఇక్కడి నమ్మకం.

బియ్యం పెట్టేటప్పుడు పూజారి, "పోయినవారి పేరు చెప్పండి," అంటాడు. తమవారికి చివరిచూపు దక్కనివారు, నిప్పు పెట్టలేకపోయినవారు, ఆ పేరు ఇక్కడ చెప్పుకుని కూర్చుంటారు. నవ్వుకుంటూ గట్టు దిగివచ్చినవారు కూడా ఆ ప్రశ్న దగ్గర నిలబడిపోతారు. ఎవరు, ఎలా పోయారు, మీరెందుకు వెళ్ళలేదు అని పూజారి అడగడు. ఏ పేరూ తోచనివారు ఆచారం ప్రకారం పోలయ్య పేరు చెబుతారు. భీమిలిలో ఆ పేరు తెలిసినవారు ఈనాడు ఎవరూ లేరు. ఇక్కడ మాత్రం ఎవరో ఒకరు ఆయన్ను పేరు పెట్టి పిలవని రోజు లేదు.