సోమలింగం తోటకూర మడి

సోమలింగం ఏడుస్తున్నాడు. మామూలు ఏడుపు కాదు. ఆ కన్నీళ్లకు కాలవ తవ్వి ఉంటే నాగావళి రెండు ఒడ్డుల మీదా మూడో పంట పండేది.

కారణం తోటకూర. మర్నాడు పౌర్ణమి. ఏటి అవతలి ఆశ్రమం వాళ్లంతా ఇవతలి ఆశ్రమానికి, అంటే సోమలింగం వాళ్లింటికి, భోజనానికి వస్తున్నారు. "పులుసు నా మడిలోదే. బజారు కూర ఒక్క కాడ ముట్టనివ్వను" అని ఊరంతా చాటుకున్నాడు. ఇప్పుడు చూస్తే ఆకుల మీద పసుప్పచ్చ మచ్చలు. తిప్పితే అడుగున సున్నం చిలకరించినట్టు తెల్లటి పొక్కులు.

గురువు పరదేశయ్య గారు మడి దగ్గరికి వచ్చారు.

తోటకూర గింజ నలుసంత. ఇసుకలో కలిపి పలచగా చల్లుకోవాలి. మనవాడు గుప్పెళ్లకు గుప్పెళ్లు పోశాడు. ఆ మొక్కల మధ్య చీమ దూరాలన్నా ఊపిరి బిగబట్టి పక్కకు తిరగాల్సిందే.

"కొన్నయినా పీకావా?"

"అయ్యో స్వామీ, ప్రాణమున్నవి! ఒక్కదాన్నీ పీకలేదు. కన్నబిడ్డల్లా చూశాను. మూడు పూటలా నెత్తిన చెంబులతో నీళ్లు పోశాను. నా అంత దయగా ఎవరు చూస్తారు? అయినా తెగులే! మజ్జిగ చల్లాను, బూడిద చల్లాను, జోలపాట కూడా పాడాను."

"ఆ పాటకే వచ్చుంటుంది" అన్నాడు వంట చేసే గవరయ్య.

గురువుగారు వసారా మూలనున్న నులక మంచం చూపించారు.

"అందరూ ఎక్కండి. సోమలింగం, నువ్వు మధ్యలో."

శిష్యులందరూ ఎక్కారు. మంచం కుయ్యోమంది. ఒకడి మోచెయ్యి ఇంకొకడి చెవిలో, ఒకడి గడ్డం ఇంకొకడి నోట్లో. గురువుగారు బిందెడు నీళ్లు తెచ్చి అందరి నెత్తినా కుమ్మరించారు.

"కదలకండి."

తడి ఆరకముందే ఇంకో బిందె.

అంచున గవరయ్యకి దురద పుట్టింది. గవరయ్య నుంచి పక్కవాడికి, వాడి నుంచి ఆ పక్కవాడికి పాకి, మధ్యలో సోమలింగాన్ని పట్టుకుంది. గోక్కుందామంటే చెయ్యి ఎవరి కిందుందో తెలియదు. ఇక పట్టలేక ఒక్క ఎగురు ఎగిరి వాకిట్లో పడ్డాడు.

"అమ్మయ్య! గాలి!"

గురువుగారు బిందె కింద పెట్టారు.

"నువ్వు లేచావు నాయనా. అవి లేవలేవు."

సోమలింగం తడి బట్టలతోనే మడి పక్కన గొంతుక్కూర్చున్నాడు. మొదటి మొక్కకి దణ్ణం పెట్టి పీకాడు. రెండోదానికి సగం దణ్ణమే పెట్టాడు. మచ్చలున్నవాటిని దూరంగా గోతిలో వేసి మట్టి కప్పాడు. మచ్చలేని లేతవి గంపకెత్తాడు. గంప నిండింది, బుట్ట నిండింది, గవరయ్య తలపాగా విప్పి మూట కట్టినా ఇంకా మిగిలాయి. మడిలో ఉంచిన నాలుగు మొక్కలకీ ఆకు తడవకుండా మొదలు దగ్గర నీళ్లు వదిలాడు. సాయంత్రం గాలికి అవి తలలూపాయి.

మర్నాడు పులుసు వాసనకి అతిథులు పడవలోనే విస్తళ్లు అడిగారు.

వడ్డన సోమలింగానిదే. విస్తరికీ విస్తరికీ మధ్య బారెడు ఎడం పెట్టుకుంటూ పోయాడు. పంక్తి వసారా దాటింది, దడి దాటింది, ఏటి ఇసుకలోకి దిగింది. చివరివాడికి పులుసు అందేసరికి మళ్లీ పౌర్ణమి వచ్చేలా ఉంది.

పరదేశయ్య గారు పగలబడి నవ్వారు.

"ఒరే సోమలింగం, వీళ్లు లేవగలరురా! దగ్గరగా వెయ్యి."