ఉడుత రాసిన గెంతులాట

మామిడితోట చివర మోటారు షెడ్డు ఉంది. తోటవాళ్ళు పాతదని వదిలేసిన కంప్యూటరొకటి అందులో ఉంటే, నక్క దాని ముందు చేరి ప్రోగ్రామింగు పాఠాలు మొదలుపెట్టింది. అందరూ మాస్టారూ అనేవారు. షెడ్డు గడప లోపల ఎవరినీ ముట్టుకోనని ఒట్టు కూడా వేసింది. గడప దాటి నేల మీద కనబడితే మాత్రం ఎవరి కాళ్ళే వాళ్ళకి దిక్కు.

షెడ్డు పక్క మామిడిచెట్టు తొర్రలో వాలమ్మ అనే ఉడుత కాపురం. కూతురు చారిక, కొడుకు పిందె. మొన్నటి గాలివానకి పిందె పైకొమ్మ మీంచి పడ్డాడు. కాలు బాగైంది కానీ గెంతడం మానేశాడు. కొమ్మ చివరికి రమ్మంటే తొర్రలోకి దూరిపోయేవాడు.

వాడు పడుతుంటే వాలమ్మ చూసింది. అప్పట్నుంచి తనకి మాట తగ్గింది. ఆకు కదిలితే చాలు, వాడి మీద చెయ్యి వేస్తుంది.

చెట్టు మీద కాయలు అయిపోవస్తున్నాయి. పది రోజుల్లో ఎదురుగా ఉన్న నేరేడుచెట్టుకి మారాలి. కొమ్మకీ కొమ్మకీ మధ్య మూడు మూరల ఖాళీ. గెంతలేనివాడు దిగి నడవాలి. కింద నడిచే దారి నక్కది.

"అమ్మా, నేనొక ఆట చేస్తా," అంది చారిక. "అందులో ఉడుత గెంతుతుంది. పడితే మళ్ళీ లేస్తుంది. తమ్ముడు ఆడితే భయం పోతుందేమో."

"చెయ్యమ్మా," అంది వాలమ్మ.

చారిక కొమ్మల మీంచి షెడ్డుకి పరిగెత్తింది.

"మాస్టారూ, ఆట చెయ్యడానికి ఏ భాష మంచిదండీ?"

"ఎవరి కోసమమ్మా?"

"మా తమ్ముడికండీ. వాడికి గెంతాలంటే భయం. పది రోజుల్లో చెట్టు మారాలి."

"అయ్యో పాపం. భయం పోకపోతే ఎలా వస్తాడు?"

"నడిచే రావాలండీ."

"నడిచి," అంది నక్క, మూతి తుడుచుకుంటూ. "అయితే ఆషామాషీ భాషలు పనికిరావు. సీ ప్లస్ ప్లస్ పట్టు."

"సీ ప్లస్ ప్లస్!" అంది దూలం మీది చిలక. అది మూడేళ్ళుగా అక్కడే చదువుతోంది. ఆ ఒక్క మాటే వచ్చింది.

"నాకు జావాస్క్రిప్ట్ కొంచెం వచ్చండీ. తాకితే ఆకు రాలే వెబ్ పేజీ ఒకటి చేశాను."

నక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "అది పేజీలకి పూసే రంగమ్మా! దాంట్లో ఆట చేస్తే నలుగురూ ఏమంటారు? తమ్ముడి ప్రాణం కదా, అసలైనదాంట్లో చెయ్యి."

ఆ చివరి మాట చారికకి గుచ్చుకుంది.

ఐదు రోజులు కూర్చుంది. మెమరీలో ఏది ఎక్కడుందో చూపే పాయింటర్లట. మెమరీలో చోటు తనే అడిగి తీసుకోవాలట, తనే తిరిగి ఇచ్చెయ్యాలట. తెర నిండా తప్పులు. ఉడుత కాదు కదా, దాని తోక కూడా కనబడలేదు.

"కంగారేం లేదమ్మా," అంది నక్క. "ఇంకో నెల పడితే గట్టిపడతావు."

చారిక ఏడుస్తూ బయటికొచ్చి వెనక గోడెక్కింది. తీసుకెళ్ళడానికి వచ్చిన వాలమ్మ పక్కన కూర్చుంది. షెడ్డు వెనక నెమరేసుకుంటున్న ముసలి ఎద్దు నందన్న తల తిప్పాడు.

"ఏంటే మనవరాలా, ఆ మొహమేంటి?"

"నాకు బుర్ర లేదు తాతా. ఆట రావట్లేదు."

నందన్న నోట్లోది నింపాదిగా మింగాడు. "మీ తమ్ముడు దేంట్లో ఆడతాడు?"

"అంటే?"

"ఆ కంప్యూటరు చెట్టెక్కుతుందా అని."

చారిక బిక్కమొహం వేసింది. తొర్రలో ఉన్నది కాపలావాడు పారేసిన ఫోను. అద్దం పగిలింది. అందులో వెబ్ పేజీలు చూపే బ్రౌజరొక్కటే తెరుచుకుంటుంది.

"నీ ఆకు అందులో రాలుతుందా?"

"రాలుతుంది. తమ్ముడికదంటే ఇష్టం."

"రాలేదాన్ని పైకి ఎగరెయ్యలేవా?"

చారిక కళ్ళు తుడుచుకుంది. కిందికి పడే వేగం అందులో ముందే రాసి ఉంది. వేలు తగలగానే దాన్ని పైకి తిప్పితే సరి.

"ఎగరెయ్యగలను తాతా! మరి సీ ప్లస్ ప్లస్ మంచిది కాదా?"

"భేషైనది. పెద్ద ఆటలు లాగుతుందట. నేనూ బండెడు బస్తాలు లాగుతాను. కోడిపిల్లని గుమ్మం దాటించడానికి నన్ను కట్టుకుంటారా?"

వాలమ్మ అప్పుడు నోరు విప్పింది. "తమ్ముడు నడిచొస్తాడని మాస్టారికి చెప్పావా?"

"చెప్పానమ్మా."

వాలమ్మ తోక బిగుసుకుంది. "ఇంకా పాయింటర్లే చదువుతున్నానని చెప్పు. రోజూ వెళ్ళు. గడప దాటేది నేనొచ్చాకే."

ఆ రోజు నుంచి చారికకి పొద్దున షెడ్డు, మధ్యాహ్నం తొర్రలో ఫోను. మూడో రోజుకి ఆట లేచి నిలబడింది. రెండు కొమ్మలు, మధ్యలో ఖాళీ, ఒక గోధుమరంగు చదరం.

"అక్కా, దీనికి తోకేది?"

"రేపు పెడతా. ఆడరా ముందు."

పిందె వేలు పెట్టాడు. చదరం ఎగిరింది, పడింది. ఫోను లోంచి అమ్మ గొంతు వినిపించింది: "లే నాన్నా, మళ్ళీ."

వాలమ్మ ఉలిక్కిపడింది. "అది నేనెప్పుడన్నాను?"

"తమ్ముడి కాలికి కట్టు కట్టినన్నాళ్ళూ అన్నావు. బ్రౌజర్లోనే రికార్డు చేసి పెట్టాను."

వాలమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. పిందె పదకొండుసార్లు పడ్డాడు. పన్నెండోసారి అవతలి కొమ్మ అందింది. "ఇంకొక్కసారి," అన్నాడు.

పదో రోజు పొద్దున్నే నక్క మామిడి మొదట్లో కూర్చుంది. "చారికా, ఎంతవరకూ వచ్చిందమ్మా?" అని పైకి కేకేసింది.

"పాయింటర్ల దగ్గరే ఉన్నానండీ."

"మంచిది, మంచిది."

వాలమ్మ గెంతింది. చారిక గెంతింది. పిందె కొమ్మ చివరికి వచ్చి ఆగాడు.

"ఏరా బాబూ," అంది నక్క తియ్యగా. "ఎందుకా అవస్థ? దిగిరా, చెయ్యి పట్టుకుని దాటిస్తా."

పిందె కిందికి చూశాడు. కొమ్మ వణికింది. అవతల వాలమ్మ నోరు తెరిచింది కానీ గొంతు పెగల్లేదు. పిందె అమ్మ మాట తనే అనుకున్నాడు. "లే నాన్నా, మళ్ళీ."

గెంతాడు. తెరుచుకున్న నక్క నోటి మీదుగా వెళ్ళి నేరేడుకొమ్మకి కరుచుకున్నాడు. ఆ ఊపుకి ఒక ఆకు తెగి, నెమ్మదిగా వచ్చి నక్క ముక్కు మీద వాలింది.

"ఏ భాషలో చేశావే?" అని పళ్ళు నూరింది నక్క.

"మా తమ్ముడి ఫోనుకి వచ్చిన భాషలోనండీ మాస్టారూ!"

"సీ ప్లస్ ప్లస్!" అంది చిలక షెడ్డు లోంచి.

వాలమ్మ కొడుకుని పొట్టకి అదుముకుని, వాడు విదిలించుకునేదాకా వదల్లేదు.

ఆట రాసేముందు ఆడేవాడి చేతిలో ఏముందో చూడాలి. ఏ భాషో అప్పుడు తేలుతుంది.