గొట్టంలో నిలవున్న నీరు

శేషారత్నం గారిని టైమెంతయిందని అడిగితే చేతి గడియారం విప్పి ఇస్తారు తప్ప నోటితో చెప్పరు. అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టరును చల్లబరిచే నీటిని పరీక్షించే ల్యాబుకు ఆవిడ పెద్ద. ఆ నీటిలో చిటికెడు ఉప్పు చేరినా గొట్టాలను లోపల్నుంచి తినేస్తుందట. ఆ భయంతో ఆవిడ పెళ్ళిళ్ళలో ఇచ్చిన మజ్జిగను కూడా వెలుతురుకెత్తి చూసిగానీ తాగరు. మజ్జిగలో ఏం కనిపిస్తుందో ఆవిడకే తెలియాలి.

ఆవిడ దగ్గర పని నేర్చుకునే కరుణశ్రీకి ఒక అక్క ఉంది. చెల్లెలు తనకు నచ్చినవాణ్ణి చేసుకుందని ఆ అక్క పెళ్ళికి రాలేదు, ఆ తర్వాత మాట్లాడనూ లేదు. కరుణశ్రీ మాత్రం ఏ ఫోను మోగినా, పక్కింట్లో మోగినా సరే, లేచి నిలబడేది. మా కాలనీ అంతా చూసి నవ్వుకున్నాం. కొన్నాళ్ళకు నవ్వడం మానేశాం.

మొన్న ఆదివారం ఆ అక్క ఫోను చేసింది. మర్నాడు కరుణశ్రీ ల్యాబులో గురువుగారి దగ్గర వెళ్ళగక్కింది. పక్క బల్ల దగ్గరున్న మా ఆడపడుచు, తన పని ఏమైందో గానీ, ఒక్క మాటా జారవిడవలేదు.

"ఎండలెలా ఉన్నాయంది మేడమ్. బెండకాయలు ముదిరినవే వస్తున్నాయంది. ఇన్నేళ్ళ తర్వాత ఆ మాటలా? ఫోను పెట్టేశాను. మనసు లేదని మొదటి మాటలోనే తెలిసిపోదా?"

"నమూనా తియ్యాలి, పద" అన్నారు శేషారత్నం గారు.

కరుణశ్రీ ఆ ఉక్రోషంతోనే నమూనా గొట్టం కుళాయి తిప్పి, వచ్చిన నీటిని వచ్చినట్టే సీసాలో పట్టింది. నీటిలో కలిసిన లవణాలను చూపే మీటరులో అంకె ఎగబాకింది. నీరు పాడైందని కంట్రోల్ రూముకు చెప్పడానికి ఫోను అందుకోబోయింది. గురువుగారు ఆ చేతి మీద చెయ్యి వేశారు.

"పెట్టెయ్యడానికీ తొందరే, ఎత్తడానికీ తొందరేనా తల్లీ?"

ఆవిడ కుళాయి మళ్ళీ తిప్పి నీటిని ఊరికే పారనిచ్చారు. ఇద్దరూ ఆ ధారనే చూస్తూ నిలబడ్డారు. ఈసారి పట్టిన నీటికి అంకె దిగి, ఉండవలసిన చోట ఆగింది.

"ఇందాక నువ్వు పట్టింది గొట్టంలో నిలవున్న నీరమ్మా. రియాక్టరు నీరు దాని వెనకాల వస్తోంది."

కరుణశ్రీ మొదట పట్టిన నీటిని పారబోసింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"ఎంతసేపు పారనివ్వాలి మేడమ్?"

"ఎంత దూరం నుంచి రావాలో, దాన్ని బట్టి" అన్నారు శేషారత్నం గారు.